షంషాద్ చెయ్యి, బూబమ్మ ముఖం

కథలకు బొమ్మలు వేసే పనిలోకి దిగుతామని ఈమధ్య కొందరు మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఏ కుంచె కొనాలని మొదట అడుగుతారు. ఏ కాగితం మంచిదని తర్వాత అడుగుతారు. కథ ఎట్లా చదవాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ వయసులో నేనూ అడగలేదు లెండి. అందుకే ఇది రాస్తున్నాను.

రాయడం నా పని కాదు. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారి బొమ్మ నల్లబల్ల మీద గీశాను. పోలికలు మరీ బాగా కుదిరాయి. బడికీ నాకూ ఆనాటితో చెల్లిపోయింది. కాబట్టి ఎక్కడైనా వాక్యం వంకరపోతే దాన్ని గీత అనుకుని సర్దుకోండి.

పక్కకు నిలబడడం

నాకు పని నేర్పినాయన బాషా సాబు. మదనపల్లెలో బోర్డులు రాసే అంగడి ఆయనది. నేను ఉస్తాద్ అనేవాణ్ణి. లారీల వెనక నెమళ్లు, హోటళ్ల ముందు పొగలు కక్కే ఇడ్లీలు, డాక్టర్ల పేర్లు అన్నీ ఆయన చేతి మీదే వెలిసేవి. వారమంతా ఆయిలు రంగులే. ఆదివారం మాత్రం అంగడి తలుపు సగం మూసి, చిన్న రేకుపెట్టెలో నుంచి నీటిరంగు బిళ్లలు తీసి, కొండల మీద మబ్బులు వేసుకునేవాడు. ఆ బొమ్మలు ఎవరికీ అమ్మడు, చూపించడు. నేను మాత్రం ఆయన వీపు వెనక గోడకు మొలిచినట్టు నిలబడేవాణ్ణి.

ఒక ఆదివారం కుంచె నా చేతికిచ్చాడు. బోర్డుకు పూసినట్టు గట్టిగా అటూ ఇటూ పూశాను.

"ఏందప్పా, ఇల్లు అలకతాండావా?" అన్నాడు.

"రంగు పరచుకోలేదు ఉస్తాద్."

"నువ్వు పరిస్తే అది పరచుకోదు. నీళ్లు పరస్తాయి. నువ్వు అడ్డం లేకుండా పక్కకు నిలబడు."

"మబ్బుకు తెల్ల రంగు కావాలే. బిళ్ల యాడుండాది?"

"బిళ్ల లేదు. తెలుపు కాగితంలోనే ఉండాది. చెడపకుండా వదిలిపెట్టు, చాలు."

ఈ రెండు మాటలే నా చదువు. నీళ్లకు అడ్డం రాకూడదు, తెలుపును చెడపకూడదు. వినడానికి సులువు. చేతికి రావడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

సిరా సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. పాళీతో గీత గీసి, ఆరాక దాని మీద రంగు వేయాలంటే నీటికి కరగని నల్ల సిరా ఉండాలి. నాకేం తెలుసు? నా మొదటి బొమ్మ, ఒక మునసబు కథకు, జేబు పెన్నులో పోసే సిరాతో గీశాను. రంగు తాకగానే మునసబు మీసం కరిగి గడ్డం దాకా కారింది. కథలో వాన లేదు, నా బొమ్మలో మాత్రం మునసబు నిలువునా తడిసిపోయాడు. ఉస్తాద్ చూసి, "బాగుండాది. కథే మార్చి రాయమని చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఏ సిరా కొన్నా ముందు ఒక గీత గీసి, ఆరనిచ్చి, ఉమ్మి తడితో రుద్ది చూడకుండా నేను బొమ్మ మొదలుపెట్టలేదు. మీరూ రుద్ది చూడండి. సీసా మీద రాసింది నమ్మొద్దు.

నేనూ, నా ఒక్క కథానాయికా

డెబ్బైల నడిమధ్య మద్రాసులో ఒక మాసపత్రికకు నా బొమ్మలు నచ్చాయి. నెలనెలా టపాలో కథలు వచ్చేవి. చదివి, బొమ్మలు గీసి, కుప్పం వెళ్లి మద్రాసు రైలుకు అందించేవాణ్ణి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా బస్సులో కుదుపులు. బొమ్మను రెండు చెక్కల మధ్య పెట్టి, యూరియా సంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కండక్టర్లు నన్ను ఎరువుల అంగడివాణ్ణి అనుకునేవాళ్లు. పంట ఎట్లుండాదని అడిగితే, ఈ నెల బాగా పండిందని చెప్పేవాణ్ణి.

ఆ పత్రిక సంపాదకులు నాకు రెండో గురువు. కామా ఎక్కడుండాలో తప్ప ప్రపంచంలో మరేదీ పట్టని మనిషి. నా బొమ్మల విషయంలో మాత్రం ఆయనకు ఒక పట్టు ఉండేది: మొదటి పేజీలో కథానాయిక ముఖం పెద్దదిగా ఉండాలి. కళ్లు ఇంకా పెద్దవిగా ఉండాలి. పాఠకుడు ముఖం చూసి ఆగుతాడు, ఆగితే చదువుతాడు అనేవారు.

సరేనని నేను ఏళ్ల తరబడి ఒక్క అమ్మాయినే గీశాను. జడ ముందుకు వేస్తే కాలేజీ పిల్ల, వెనక్కి వేస్తే పంతులమ్మ, ముడి వేస్తే వదిన. బొట్టు తుడిపేస్తే పాపం, ఆమె భర్తను కూడా పోగొట్టుకునేది. ఒకసారి ఒకే సంచికలో రెండు కథల్లో ఆమే ఉంది. ఒకదానిలో పెళ్లి చేసుకుంటోంది, మరోదానిలో బావి వైపు నడుస్తోంది. ఎవరూ కనిపెట్టలేదు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను వినండి: ఎవరూ కనిపెట్టకపోవడం మెచ్చుకోలు కాదు. మీ బొమ్మ మీద ఎవరి చూపూ నిలవలేదని అర్థం.

కథానాయిక తప్ప మిగతా వాళ్లందరినీ మాత్రం ఊళ్లోనే వెతుక్కునేవాణ్ణి. చూడనిది గీయడం నాకు రాదు. కరణానికి మా వీధి టైలరు ముక్కు, దొంగకు మా మేనమామ చెవులు. ఇది చుట్టుపక్కలంతా తెలిసిపోయింది. పత్రిక రాగానే మదనపల్లెలో, పుంగనూరులో మంగలి అంగళ్ల దగ్గర పందేలే. "ఈ ముక్కు ఎవురిదబ్బా?" అని వెతికి, ఎవరో ఒకరికి అతికించేదాకా వదిలేవాళ్లు కాదు. ముఖం ఉంటే పేరు వెతుకుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

తట్టల కింది కాగితం

ఎనభైల మొదట్లో ఆ పత్రిక ప్రత్యేక సంచికకు ఒక కథను రంగుల్లో వేయాలనుకున్నారు. అంతవరకు అచ్చులో నావన్నీ నల్ల గీతలే. నీడ కావాలన్నా గీతలు చిక్కగా అల్లుకోవలసిందే. సిరా గీత మీద నీటిరంగు వేసి అచ్చులో చూసుకునే అవకాశం అదే మొదటిది. కథ పాకెట్టు వచ్చిన రోజు ఆ కవరును ఉస్తాద్ బల్ల మీద పెట్టి దండం పెట్టాను.

కథ పుంగనూరుదే. రాసినామె పేరు 'శ్యామల' అని ఉంది. పట్టుపురుగులు పెంచే ఒక సాయిబుల ఇల్లు. పురుగుల తట్టల కింద పాత కాగితాలు పరుస్తారు కదా, ఆ ఇంటి కోడలు ఆకు వేసే నెపంతో వంగి, ఆకుల సందుల్లో కనపడిన అక్షరాలు చదువుకుంటుంది. పురుగులు ఆకు తినేకొద్దీ కథ బయటపడుతుంది. అత్త చూడకముందే చదివేయాలి. చివరికి అత్త చూస్తుంది, తిడుతుంది, కాగితాలన్నీ పొయ్యిలో వేస్తుంది. అంతే కథ. చదివి చాలాసేపు నేను పాళీ పట్టుకోలేదు. నాలాంటి వాగుడుకాయ నోరు మూతపడిందంటే ఆ కథ ఎట్లాంటిదో మీరే అనుకోండి.

ఉస్తాద్‌కు చదివి వినిపించాను. ఆయన సగంలోనే కుంచె కింద పెట్టేశాడు.

"శ్యామల కాదప్పా. షంషాద్. మా చెల్లెలి కూతురు."

"నీకెట్ల తెలుసు?"

"ఆకు తినే సప్పుడు వానలాగుంటాదని రాసిందే, సిన్నప్పుడు నా ఒళ్లో కూసోని చెప్పిన మాటే అది." కాగితాలు నా చేతిలో నుంచి తీసి బోర్లా పెట్టాడు. "వాళ్లత్తకు తెలిస్తే ఆ పిల్ల చేతిలో మళ్లీ పెన్ను ఉండదు. ఇంటి గుట్టు అచ్చేసినావంటాది."

అప్పటికి నాకు కావలసింది ఒక్కటే. ఆ ఇల్లు చూడాలి. ఉస్తాద్ ఉపాయం చెప్పాడు. వాళ్ల తలుపుకు రంగు వేస్తామని పోదాం, రంగు పూస్తూ కళ్లతో చూసుకో, నోరు మాత్రం తెరవొద్దన్నాడు. ఆ చివరిది కష్టమని ఇద్దరికీ తెలుసు.

పుంగనూరు తలుపు

షంషాద్ భర్త పట్టుగూళ్లు అమ్మడానికి రామనగరం పోయి ఉన్నాడు. ఇంట్లో అత్తాకోడళ్లే. అత్తను ఊరంతా బూబమ్మ అంటారు. నేను ఆకుపచ్చ రంగు డబ్బా తెరవకముందే ఆమె మంచం తెచ్చి నా ఎదురుగా వేసుకుని కూర్చుంది.

ఆ ముఖం! ఎండిన చెరువు అడుగు చూసినారా? అట్లా నెర్రెలు నెర్రెలుగా ముడతలు. వాటి మధ్య రెండు చురుకైన కళ్లు. ముక్కు పక్కన మచ్చ. చెవులకు బరువైన వెండి, ఆ బరువుకు సాగిన తమ్మెలు. ఇన్నేళ్లు పెద్ద కళ్ల పిల్లను గీసి చెడిపోయిన నా చేతికి గీయాలని జిల పుట్టింది.

లోపల పరదా వెనక తట్టల మీద పురుగులు ఆకు తింటున్నాయి. వాన చప్పుడే. పరదా కింది సందులో నుంచి ఒక చెయ్యి కనపడుతోంది. ఆకును తట్టలోకి చల్లుతోంది. ఎడమచెయ్యి. వేళ్లు విప్పి, మణికట్టు తిప్పి, గోరింటాకు సగం రాలిన గోళ్లతో.

"ఆ యమ్మి అంతే," అంది బూబమ్మ నా చూపు గమనించి. "కుడిచెయ్యి దేవుడు ఊరికే ఇచ్చినాడు. ఎన్ని తిట్లు తిట్టినా ఎడమదే ముందుకొస్తాది."

తలుపు దగ్గర పాత తట్ట ఒకటి ఎండకు పెట్టి ఉంది. దాని అడుగున పరిచిన కాగితం చూసి ఉలిక్కిపడ్డాను. పత్రిక పేజీ. అందులో నా పెద్ద కళ్ల పిల్ల. ఒక కన్ను పురుగుల మురికిలో మునిగిపోయింది.

"బూబమ్మా, అందురూ తట్టల్లో దినపత్రిక ఏస్తారు. నువ్వేంది కథల పత్రికలు ఏసినావే?"

"అవి మెత్తగుంటాయిలే. పాత కాగితాల అంగట్లో నేనే ఏరుకోనొస్తా," అంది. అని, వెంటనే మాట మార్చింది. "నువ్వు బొమ్మలు గూడా ఏస్తావంట కదప్పా. తలుపు యాడికి పోతాది? నన్ను గీయి, సూద్దాం."

ఉస్తాద్ నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. కానీ నా సంచిలో పాళీ, సిరా ఎప్పుడూ ఉంటాయి. గీశాను. గీతలు ఆరేలోపల పరదా వెనక నుంచి టీ వచ్చింది. ఆ ఎడమచెయ్యే. నేను మాటల్లో పడి కుంచెను నీళ్ల గిన్నెలో అనుకుని టీ గ్లాసులో ముంచాను. దాన్నే బొమ్మ మీద పెట్టాను. ఎంత అందమైన రంగు! ఎండలో కమిలిన చర్మం రంగు. ఇక నీళ్ల జోలికి పోలేదు, టీతోనే నీడలన్నీ వేశాను.

బూబమ్మ బొమ్మను దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ముడతలు అన్నీ ఏసినావే! ఒకటన్నా వదిలేయరాదా?"

"ఏదో ఒకటి నువ్వే చెప్పు బూబమ్మా, ఏది వదలాల్నో."

ఆమె వెతికింది. చివరికి నవ్వింది. "అన్నీ నేను సంపాదించుకున్నవే. ఉండనీ." గోడకు బొమ్మలు పెట్టకూడదని, ట్రంకుపెట్టెలో చీరల మీద దాచుకుంది.

ఆమె లోపలికి పోయిన ఆ కాస్తసేపట్లో పరదా కదిలింది. "మామూ," అని ఉస్తాద్‌ను పిలిచి, ఆ తర్వాత నాతో మెల్లిగా అంది షంషాద్ గొంతు. కథకు బొమ్మ వేసేది నేనేనని ఉస్తాద్ ముందే ఆమె చెవిన వేసినట్టున్నాడు.

"అన్నా, కథలో ఆ పిల్లకు ముఖం ఏయొద్దు. ఎవురి ముఖం ఏసినా ఊరోళ్లు ఇండ్లు వెతుకుతారు. వెతికితే ఈడికే వస్తారు. మా అత్త ముఖం అసలే వద్దు."

"ఏయను తల్లీ."

"మాట?"

"మాట."

మంచి బొమ్మను చింపడం

మాట ఇచ్చి మదనపల్లె వచ్చాక ఏం చేశానో తెలుసా? బూబమ్మను మళ్లీ గీశాను. గుర్తున్నంత మేరకు, పెద్ద కాగితం మీద, రంగుల్లో. పత్రికకు పంపడానికి కాదు, చేతి దురద తీర్చుకోవడానికే అని నాకు నేనే చెప్పుకున్నాను. అంతకుముందు అంత బాగా నేను ఏదీ గీయలేదు. గోడకు గుచ్చి చూస్తుంటే కథలో అత్త నడిచొచ్చినట్టే ఉంది. ఈ ఒక్క బొమ్మ అచ్చైతే చాలు, రెడ్డెప్ప అనేవాడు ఒకడున్నాడని మద్రాసుకు తెలుస్తుంది.

ఉస్తాద్ వచ్చి చూసి ఒక్క మాట అన్నాడు. "ఇది గోడ మీదుంటే నువ్వు పంపకుండా ఉండలేవు."

ఉండలేనని నాకూ తెలుసు. బక్కెట్లో ముంచాను. రంగు కరిగి పోయింది. కానీ నేను రుద్ది చూసి కొన్న సిరా కదా, గీత పోలేదు. నీళ్లలో నుంచి బూబమ్మ నన్నే చూస్తోంది. చింపక తప్పలేదు. తడి కాగితం చప్పుడు కాకుండా చినిగింది.

మంచి బొమ్మను చింపడం నేర్చుకోండి. చెడ్డ బొమ్మను ఎవరైనా చింపుతారు.

ఆ తర్వాత కథను మళ్లీ చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. ముఖం లేకుండా ఈ కథ ఎట్లా? చదివేకొద్దీ కళ్లకు ముఖం రావడం లేదు, తట్ట వస్తోంది. దాంతో మొదలుపెట్టాను. పేజీ నిండా గుండ్రటి తట్ట. ఆకుల పచ్చ, ముదురూ లేతా, నీళ్లే పరిచాయి, నేను పక్కకు నిలబడ్డాను. ఆకుల మధ్య పురుగులు. వాటికి రంగు లేదు, వదిలేసిన కాగితమే. సందుల్లో టీ నీళ్లతో పాత కాగితం, దాని మీద సగం సగం అక్షరాలు. అంచున ఒక చెయ్యి, ఆకును పక్కకు తొలగిస్తూ. పైన వంగిన తల, ముసుగు మాత్రం సిరా గీతలతో. ముసుగులో ముఖం ఉండవలసిన చోట ఏమీ వేయలేదు. తెల్లగా వదిలేశాను. వెనక గోడ మీద అత్త నీడ, ఒక్క నీలిబూడిద రంగు పూతలో.

ఉస్తాద్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, తన రేకుపెట్టె మూసి నా ముందుకు జరిపాడు. "ఇంక ఇది నీ దగ్గరుండనీ," అన్నాడు. ఇంతకన్నా పెద్ద బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినా తీసుకోను.

రైలు ఆగినంతసేపు

సంపాదకులు బెంగుళూరు పని మీద వచ్చి మద్రాసు తిరిగిపోతున్నారు. కుప్పం స్టేషనుకు బొమ్మ తెమ్మని ముందే కబురు పంపారు. కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. యూరియా సంచి విప్పి, చెక్కలు తీసి, బొమ్మ అందించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

"బాగుంది. బాగుందయ్యా. ముఖమేదీ?"

"అదో, ముసుగులో తెల్లగా ఉండాది కదా సార్. అదే."

"అది కాగితమయ్యా!"

"మంచి కాగితం సార్. మీరు పంపించిందే."

"హాస్యాలు తర్వాత. రంగుల పేజీ ఇది. ముఖం లేకుండా ఎట్లా వేస్తాను? పాఠకులు ఏమనుకుంటారు?"

"ముఖమేదీ అనుకుంటారు సార్. అనుకోని కథ చదువుతారు. మీకు కావాల్సింది అదే కదా?"

ఆయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన కామాలు కూడా వదిలేస్తారు. "చూడు రెడ్డెప్పా మద్రాసులో ముఖాలు గీసేవాళ్లు వీధికొకరున్నారు నువ్వు గీయకపోతే వాళ్లతో గీయించుకుంటాను వచ్చే నెల నుంచి కథలు కూడా వాళ్లకే పంపిస్తాను."

నేను భయపడ్డాను. ఎందుకు దాచాలి? ఆ పత్రిక లేకపోతే నేను మళ్లీ లారీల వెనక నెమళ్లు వేసుకోవాలి. కానీ పరదా వెనక నుంచి వచ్చిన 'మాట?' అన్న గొంతు నా చెవిలోనే ఉంది.

"పంపించుకోండి సార్. కానీ ఆ యమ్మ ముఖం వద్దనింది. నేను మాట ఇచ్చినా. ముఖం ఏస్తే మీకు ఈ ఒక్క కథే మిగిలేది. ఏయకుంటే ఆ యమ్మ ఇంకా రాస్తాది. మీకు ఏది కావాల్నో చూసుకోండి."

"రాసినామె నీకు తెలుసా?"

"తెలుసు. పేరు మాత్రం అడగొద్దు. చెప్పను."

రైలు కూత పెట్టింది. ఆయన బొమ్మను కిటికీలో నుంచి నా వైపు చాపారు. "తీసుకుపో. ముఖం వేసి పంపు."

నేను రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాను.

"తీసుకోవయ్యా!"

"తీసుకోను సార్. తీసుకుంటే ఏయాల్సొస్తాది."

రైలు కదిలింది. ఆయన చాపిన చెయ్యి చాపినట్టే, బొమ్మతో సహా ముందుకు పోయింది. కొంత దూరం పోయాక ఆ చెయ్యి మెల్లగా కిటికీ లోపలికి పోయింది. నేను ఖాళీ సంచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఈసారి పంట ఎట్లుండాదని ఎవరైనా అడిగి ఉంటే ఏడ్చేవాణ్ణి.

సంచిక వచ్చింది. బొమ్మ వచ్చింది. ముసుగులో తెలుపు తెలుపుగానే ఉంది. కింద నా పేరు ఎప్పటికన్నా కాస్త పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. యజమానులు ఒప్పుకునే పద్ధతి ఇదే. నోటితో ఒప్పుకోవాలని పట్టుపట్టకండి.

బూబమ్మ అడిగింది

ఉస్తాద్ ఒక ప్రతి రహస్యంగా షంషాద్‌కు ఇచ్చి వచ్చాడు. పుంగనూరులో ముఖం వెతికేవాళ్లు వెతికి, తెలుపు చూసి, విసుక్కుని ఊరుకున్నారు. గండం గడిచిందని నేను హాయిగా ఉన్నాను. ఒకరోజు ఉస్తాద్ పాలిపోయిన ముఖంతో వచ్చాడు.

"బూబమ్మ నిన్ను పిలుచుకోని రమ్మనింది. పత్రిక ఆ యమ్మ చేతిలో ఉండాది."

షంషాద్ ఎక్కడ దాచిందనుకున్నారు? తట్టల్లో పరిచే కాగితాల కట్టలో. ఆమెకు అంతకన్నా క్షేమమైన చోటు తోచలేదు.

పోయాం. బూబమ్మ అదే మంచం మీద, ఒళ్లో పత్రిక తెరిచి పెట్టుకుని ఉంది. ఆమెకు చదువు రాదు. పరదా వెనక తట్టల చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు.

"ముఖం దాచినావు," అంది బొమ్మ మీద వేలు పెట్టి. "చెయ్యి దాచలేకపోతివే అప్పా. ఎడమచేత్తో ఆకు తొలగించే కోడలు ఈ ఊర్లో ఇంకెవురుండారు?"

ముఖం వదిలేయాలన్న ధ్యాసలో ఉన్న నాకు, చెయ్యి కూడా ముఖమేనని తట్టలేదు. చూసింది చూసినట్టు గీసే నా అలవాటే ఆ పిల్ల గుట్టు బయటపెట్టింది.

"తలుపుకు రంగెయ్యను వచ్చిన్యా, మా యమ్మి చెయ్యి గీసుకోని పొయ్యను వచ్చిన్యా? ఈ యమ్మి రాయకుండా ఆ చెయ్యి పుస్తకంలోకి ఊరికే పోతాదా? సరే, అదట్లుండనీ. నాకొకటి చెప్పు. ఈ నీడ నాదే కదా? ఈ కథలో అత్త మంచిదా, చెడ్డదా?"

అబద్ధం చెప్పి తప్పించుకోవడం నాకు కష్టం కాదు. కానీ ఆ కథ నాది కాదు. "బూబమ్మా, నేను చెప్తే అది నా కథ అవుతాది. రాసిన మనిషి ఇంట్లోనే ఉండాది కదా."

పరదా వెనక ఆకు చల్లడం ఆగింది. "నేను సదువుతా అత్తా," అంది షంషాద్.

ఎడమచెయ్యి బయటికి వచ్చి పత్రిక అందుకుంది. చదివింది. పురుగుల చప్పుడు మీద ఆ గొంతు సన్నగా నడిచింది. అత్త తిట్టే చోటుకు వచ్చేసరికి నిలిచిపోయింది.

"యాల నిలిపినావు? సదువు."

చదివింది. తిట్లు, పొయ్యి, కాలిన కాగితాలు, చివరిదాకా. అయిపోయాక బూబమ్మ మంచం దిగి నిలబడింది. ఉస్తాద్ చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఇదేం తిట్టే?" అంది. "ఇంత సప్పగా తిడతానా నేను? నీకు పని నేర్పిచ్చింది ఇట్లనేనా?"

పరదా వెనక నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది.

"ఇంగొకటి. కడ వరకు అత్త సూడలేదు, సూడలేదు అని రాసినావే. ఎందుకు సూడలేదూ? నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టిన కాన్నించి వంగి సదువుతానే ఉండావు. పేపరు ఏస్తే నీ కండ్లు పేపరు మీద నిలిచేవి కావు, కథల కాగితం ఏస్తే నిలిచేవి. అందుకే కదా నేను అంగట్లో కూసోని ఏరుకోని తెచ్చేది? నాకు సదువు రాదు, బొమ్మ ఉండే పేజీ కథ అని మాత్రం తెలుసు. బొమ్మ సూసి తెచ్చేదాన్ని."

నేను తలుపు పట్టుకున్నాను. నేనే పూసిన ఆ ఆకుపచ్చ రంగు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఏళ్ల తరబడి నేను గీసిన ఆ ఒక్క పెద్ద కళ్ల పిల్ల, ఎవరూ కనిపెట్టరని నేను నవ్వుకున్న పిల్ల, ఈ ఇంటికి కథలు మోసుకొచ్చిందన్నమాట. ఆ గుర్తు చూసే బూబమ్మ పేజీలు ఏరింది. ఆ రోజు నుంచి ఒక్క గీత కూడా నిర్లక్ష్యంగా గీయలేదు. ఎవరు ఏ అంగట్లో కూర్చుని మీ బొమ్మను బట్టి ఏ పేజీ ఏరుకుంటున్నారో మీకు తెలియదు.

ముడతలు

కొన్ని నెలలకు మద్రాసు నుంచి మరో కథ వచ్చింది. రాసినామె పేరు షంషాద్ అనే ఉంది. చదువు రాని ఒక అత్త పాత కాగితాల అంగట్లో కూర్చుని బొమ్మలు చూసి కథలు ఏరే కథ. ఈసారి ముఖం లేకుండా కుదరదు. పుంగనూరు పోయి అడిగాను.

బూబమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. చీరల మీద నుంచి టీ రంగు బొమ్మ తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"పని అయినంక మళ్లీ తెచ్చియ్యాల. సూసి గీసుకో," అంది. నేను సంచిలో పెట్టుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ముడతలు మాత్రం ఒక్కటీ వదలొద్దు."

వదలలేదు.